నోట్లో ఈస్ట్ ఉందన్నారు: తలసేమియా, సికిల్ సెల్ ఉన్నవారి ఇళ్లలో తరచుగా అడిగే ప్రశ్నలు

తలసేమియా, సికిల్ సెల్ రెండూ హిమోగ్లోబిన్ లోపంతో పుట్టుకతో వచ్చే రక్తవ్యాధులు, వీటిలో తరచూ రక్తం ఎక్కించాల్సి రావచ్చు. పిల్లవాడికి రక్తం ఎక్కుతున్న మూడు నాలుగు గంటలూ తల్లిదండ్రులకు చేయడానికి పనేమీ ఉండదు. పక్క మంచం వాళ్లతో మాటలు కలిసేది, ఫైలులోని రిపోర్టులు మొదటి నుంచి మళ్లీ చదివేది అప్పుడే. ‘క్యాండిడా ఆల్బికాన్స్ పెరిగింది’ అన్న ముక్క (అది ఒక ఈస్ట్ పేరు, ఈస్ట్ అంటే కంటికి కనిపించని ఒక రకం శిలీంధ్రం) కంటపడిందంటే ఆ పూట భోజనం సహించదు. కింది ప్రశ్నలు చాలావరకు అలాంటి మంచాల పక్కన విన్నవే. జవాబులు రాస్తున్నది ల్యాబులో ఈ ఈస్ట్‌ను పెంచి చూసే పనిలో ఉన్న మనిషి. మందు ఏది, ఎంత మోతాదు అన్నది మాత్రం మీ రక్తవ్యాధుల డాక్టరో, పళ్ల డాక్టరో నోరు చూసి చెప్పాల్సిందే.

నోట్లో ఈస్ట్ ఉండటమే జబ్బా?

కాదు. ఆరోగ్యంగా తిరుగుతున్న పెద్దవాళ్లలో సుమారు మూడోవంతు నుంచి సగం మంది నోళ్లలో క్యాండిడా అనే ఈస్ట్ ఉంటుంది. నాకూ ఉండవచ్చు, ఇది చదువుతున్న మీకూ ఉండవచ్చు. నాలుక వెనక భాగం దానికి ఇష్టమైన చోటు. వందల జాతుల బ్యాక్టీరియా మధ్య ఓ మూల సర్దుకుని బతుకుతుంది. లాలాజలం కడిగేస్తూ, నోటి పైపొర ఎప్పటికప్పుడు రాలిపోతూ దాన్ని వెంట తీసుకుపోతూ, ఒంట్లోని టీ కణాలు అనే ఒక రకం తెల్లకణాలు కాపలా కాస్తూ ఉన్నంతకాలం అది కిక్కురుమనదు.

ఇలా ఉండటాన్ని డాక్టర్లు కాలనైజేషన్ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే కాపురం పెట్టడం. ఊళ్లో కాపురం ఉన్నవాడల్లా దొంగ కాడు కదా.

మరి ఎప్పుడు జబ్బుగా మారుతుంది?

ఈ ఈస్ట్‌కు రెండు రూపాలున్నాయి. కోడిగుడ్డు ఆకారపు చిన్న కణాలుగా ఉన్నంతసేపు సాధుజీవి. కాపలా సడలిందని తెలిస్తే కణం నుంచి దారం లాంటిది సాగి, నోటి పైపొరలోకి చొచ్చుకుపోతుంది. ఆ దారాల నుంచి క్యాండిడాలైసిన్ అనే విషం వెలువడి కణాలను దెబ్బతీస్తుందని 2016లో తేలింది.

ఈ రూపం మార్పును మేం రోజూ చూస్తాం. రోగి నోటి నుంచి పెరిగిన ఈస్ట్‌ను కొద్దిగా తీసుకుని, మనిషి సీరంలో, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలో కలిపి, 37 డిగ్రీల వేడిలో రెండు మూడు గంటలు ఉంచుతాం. ఆ తర్వాత ఒక చుక్క గాజు పలక మీద వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే, నానబెట్టిన పెసలకు మొలకలు వచ్చినట్టు ప్రతి కణానికీ ఒక తోక కనిపిస్తుంది. అలా మొలక వస్తే అది దాదాపుగా ఆల్బికాన్స్ అని రాస్తాం. ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాని పరీక్ష ఇది.

ఇంట్లో మీకు తెలిసేది మాత్రం వేరే గుర్తులతో: పెరుగు తరకల్లాంటి తెల్లటి పూత, తుడిస్తే కింద ఎర్రటి పొర, కారం తగలగానే మంట, రుచి తెలియకపోవడం, పెదవుల మూలలు చిట్లడం. ఈ గుర్తులేవీ లేకుండా రిపోర్టులో మాత్రమే ఈస్ట్ ఉంటే అది కాపురం. గుర్తులుంటే జబ్బు. రిపోర్టుకు కాదు, నోటికి వైద్యం చేయాలి.

తలసేమియా మేజర్ ఉన్న పిల్లల్లో ఇది ఎక్కువగా ఎందుకు కనిపిస్తుంది?

కారణం ఒక్కటి కాదు, నాలుగైదు కలిసి వస్తాయి. జోర్డాన్‌లో బీటా తలసేమియా రోగుల నోళ్లను ఆరోగ్యవంతుల నోళ్లతో పోల్చి చూసినప్పుడు వీరిలో ఈస్ట్ ఎక్కువగా కనిపించింది. ఎందుకన్నది ఒంటిలో జరిగే మార్పులను బట్టి ఊహించుకోవచ్చు.

మొదటిది ఇనుము. ఒక్కో రక్తం సంచితో సుమారు 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఒంట్లోకి వస్తుంది. ఒళ్లు రోజుకు బయటకు పంపగలిగేది ఒకటి రెండు మిల్లీగ్రాములే. రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి రక్తం ఎక్కించుకునే పిల్లవాడి ఒంట్లో ఏడాదికి ఎంత పేరుకుంటుందో మీరే లెక్క వేసుకోండి. బతికే ప్రతి జీవికీ ఇనుము కావాలి. క్యాండిడాకు అయితే హిమోగ్లోబిన్ నుంచి, ఒళ్లు ఇనుమును దాచుకునే ఫెరిటిన్ నుంచి కూడా ఇనుము లాక్కునే నేర్పు ఉంది. పైగా ఇనుము ఎక్కువైతే సూక్ష్మజీవులను మింగే తెల్లకణాల పనితనం తగ్గుతుంది.

రెండోది, నా లెక్కలో ఇనుమంత ముఖ్యమైనదే, ఉమ్మి. లాలాజల గ్రంథుల్లో కూడా ఇనుము పేరుకుంటుంది. ఉమ్మి తగ్గితే కడిగేవాడు లేని గిన్నెలా తయారవుతుంది నోరు. దీనికి తోడు, సరిగా రక్తం ఎక్కని పిల్లల్లో పై దవడ ఎముక ఉబ్బి, పై పళ్లు ముందుకు వచ్చి, పెదవులు పూర్తిగా మూసుకోవు. రాత్రంతా నోటితో ఊపిరి పీలుస్తారు. తెల్లారేసరికి నాలుక ఎండు చెక్కలా ఉంటుంది.

మూడోది చక్కెర వ్యాధి. క్లోమంలో ఇనుము చేరితే ఇన్సులిన్ తగ్గుతుంది. యుక్తవయసు వచ్చేసరికి కొందరు తలసేమియా రోగులకు మధుమేహం వస్తుంది. నోటి ఈస్ట్‌కు మధుమేహం పాత స్నేహితుడు. అందుకే పది పన్నెండేళ్లు దాటిన పిల్లల నోట్లో పదే పదే తెల్లపూత వస్తుంటే నేను మొదట అడిగేది, చక్కెర పరీక్ష ఎప్పుడు చేయించారని.

వీటి తర్వాత తరచూ వాడే యాంటీబయోటిక్స్, జింకు లోపం, తెల్లకణాలను తగ్గించే మందులు.

సికిల్ సెల్ ఉన్నవారిలో?

దారి కొంచెం వేరు. ఇక్కడ పెద్ద కారణం యాంటీబయోటిక్స్. చిన్నపిల్లలకు కనీసం ఐదేళ్లు వచ్చేవరకు రోజుకు రెండుసార్లు పెన్సిలిన్ ఇస్తారు. జ్వరం వస్తే మళ్లీ వేరే యాంటీబయోటిక్. ఇవి బ్యాక్టీరియాను తగ్గిస్తాయి, ఈస్ట్‌ను ఏమీ చేయవు. పొరుగువారు ఖాళీ చేసిన జాగాలోకి ఈస్ట్ విస్తరిస్తుంది. అలాగని పెన్సిలిన్ ఆపేయవద్దు. అది పిల్లవాడి ప్రాణం కాపాడే మందు. నోటి పూతకు వారం రోజుల వైద్యం ఉంది, న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియా రక్తంలోకి పాకితే గంటల వ్యవధే ఉంటుంది.

సికిల్ సెల్‌కు ఇచ్చే హైడ్రాక్సీయూరియా అనే మందు వాడేవారిలో తెల్లకణాలు తగ్గవచ్చు, నోట్లో పుండ్లు కూడా పడవచ్చు. ఉబ్బసం ఉండి స్టీరాయిడ్ ఇన్‌హేలర్ పీలుస్తుంటే, పీల్చిన ప్రతిసారీ నీళ్లు పుక్కిలించి ఉమ్మేయాలి. చాలామందికి ఎవరూ చెప్పని విషయం ఇది.

ఇంకొకటుంది, దీన్ని మాత్రం గట్టిగా చెబుతాను. నోరు మండితే పిల్లలు నీళ్లు తాగరు. సికిల్ సెల్‌లో ఒంట్లో నీరు తగ్గితే ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి మారి నొప్పుల దాడి మొదలవుతుంది. బయటివారికి చిన్న నోటి పూత అనిపించేది ఈ పిల్లవాడిని ఆసుపత్రి మంచం ఎక్కించగలదు. పూత ఎంత ఉందని కాదు, పిల్లవాడు రోజుకు ఎన్ని గ్లాసుల నీళ్లు తాగుతున్నాడని చూడండి.

మా బాబుకు ప్లీహం తీసేశారు. అందుకే ఈస్ట్ వచ్చిందా?

బహుశా కాదు. ప్లీహం లేనివారికి ప్రధాన భయం పైన గట్టి తొడుగు ఉన్న బ్యాక్టీరియా గురించి. ఆ టీకాలు, ఆ పెన్సిలిన్, జ్వరం రాగానే ఆసుపత్రికి పరుగెత్తడం అన్నీ అందుకే. నోటిలోని ఈస్ట్‌కు కాపలా కాసేది ముఖ్యంగా టీ కణాలు, ఉమ్మి, ఆరోగ్యమైన పైపొర. ఆపరేషన్ జరిగిన ప్రతి పిల్లవాడి విషయంలో ప్రతి చిన్న ఇబ్బందినీ ప్లీహం ఖాతాలో వేయడం మన ఇళ్లలో ఉన్న అలవాటు. దానివల్ల అసలు కారణం వెతకడం ఆగిపోతుంది.

ఇనుము తీసే మందుల వల్ల ఈస్ట్ పెరుగుతుందా?

మూడు మందులను విడివిడిగా చూడాలి.

డెఫెరిప్రోన్ వాడేవారిలో నూటికి ఒకరిద్దరికి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. అప్పుడు గొంతు నొప్పి, జ్వరం, నోట్లో పుండ్లు కలిసి వస్తాయి. ఈ మందు వాడుతూ జ్వరం, గొంతు నొప్పి వచ్చాయంటే మందు ఆపి, అదే రోజు రక్త పరీక్ష చేయించుకోవాలి. ఆదివారమైనా సరే. ‘నోటి పూతేలే, సోమవారం చూద్దాం’ అనుకోకూడని సందర్భాల్లో ఇదొకటి.

డెఫెరాక్సమిన్, అంటే పొట్ట మీద పంపుతో ఎక్కించుకునే మందు. కొన్ని సూక్ష్మజీవులు దీన్నే నిచ్చెనగా వాడుకుని ఇనుము అందుకుంటాయి. యెర్సీనియా బ్యాక్టీరియా అలాంటిది, 2021లో కోవిడ్ తర్వాత అందరినీ వణికించిన బ్లాక్ ఫంగస్ జాతి శిలీంధ్రాలు అలాంటివే. నోట్లో తెల్లపూత కట్టే క్యాండిడా ఆ కుటుంబానికి చెందినది కాదు. ‘ఫంగస్’ అన్న మాట వినగానే రెండింటినీ ఒక గాట కట్టవద్దు.

డెఫెరాసిరాక్స్ బిళ్లతో నోటి ఈస్ట్‌కు నేరుగా లంకె లేదు. కొందరు తల్లులు ఆ బిళ్లను నారింజ రసంలో కరిగించి ఇస్తారు, అది అనుమతించిన పద్ధతే. కాకపోతే రసం తాగించాక నోరు కడిగించాలి.

నాలుక తెల్లగా ఉంటే అది ఈస్టేనా?

ఎక్కువసార్లు కాదు. పొద్దున లేవగానే నాలుక మీద ఉండే పల్చటి తెలుపు పాచి. పాలు తాగిన పసివాడి నాలుక మీద తెలుపు పాలే. మధ్యలో తెల్లగా, చుట్టూ ఎర్రటి అంచుతో గుండ్రంగా ఉండి విపరీతంగా నొప్పి పెట్టేది మామూలు నోటి పుండు. తెలుగులో వీటన్నిటినీ ‘నోటి పూత’ అనే ఒక్క మాటతో సరిపెడతాం. సగం గందరగోళం అక్కడే పుడుతుంది.

ఇంట్లో చేయదగిన పరీక్ష ఒకటుంది. చేతులు కడుక్కుని, శుభ్రమైన గాజుగుడ్డను వేలికి చుట్టి, తడిపి, తెల్లటి చోట మెల్లగా ఒకసారి తుడవండి. పాలైతే నీళ్లలా పోతుంది. ఈస్ట్ పూత అయితే గడ్డపెరుగు తునకలా ఊడి వస్తుంది, కింద ఎర్రగా, ఒక్కోసారి చిన్న రక్తపు చుక్కతో కనిపిస్తుంది. ఎంత తుడిచినా కదలకపోతే అది వేరే మచ్చ, డాక్టరు చూడాలి. గీకవద్దు, గోటితో అసలు వద్దు. హీమోఫిలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) ఉన్నవారు, ప్లేట్‌లెట్లు తక్కువ ఉన్నవారు ఈ పరీక్ష ఇంట్లో చేసుకోకూడదు.

ఈస్ట్ ఎప్పుడూ తెల్లగానే ఉండదు కూడా. నాలుక మధ్యలో నున్నగా, ఎర్రగా, రుచి మొగ్గలు పోయినట్టున్న చోటు ఈస్ట్ వల్ల కావచ్చు. రక్తహీనతలో నాలుక పాలిపోయి ఉంటుంది కాబట్టి ఈ ఎరుపును చాలామంది గమనించరు.

తెల్లపూత అంటే హెచ్‌ఐవీ అని విన్నాం. ఎక్కించిన రక్తం ద్వారా వచ్చి ఉంటుందా?

ఈ ప్రశ్నను గట్టిగా అడిగేవారు తక్కువ. వార్డు బయటకు పిలిచి, గొంతు తగ్గించి అడుగుతారు. భయం అర్థం చేసుకోదగినదే, జవాబు దాచాల్సినది కాదు. హెచ్‌ఐవీ ముదిరినవారిలో నోటి ఈస్ట్ ఎక్కువగా వస్తుందన్నది నిజం. కానీ మధుమేహం, యాంటీబయోటిక్స్, ఇన్‌హేలర్, ఎండిన నోరు వల్ల వచ్చేవే చాలా ఎక్కువ. మన దేశంలో ఎక్కించే ప్రతి రక్తం సంచికీ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, హెపటైటిస్ సీ, సిఫిలిస్, మలేరియా అనే ఐదు పరీక్షలు తప్పనిసరి. అయినా పదే పదే రక్తం ఎక్కించుకునేవారికి ఈ వైరస్ పరీక్షలు క్రమంగా చేస్తుండాలి, అది వైద్యంలో భాగం. కారణం దొరకని పూత మళ్లీ మళ్లీ వస్తుంటే ఆ పరీక్ష చేయించి, రిపోర్టు చూసుకుని, మనసు కుదుటపరచుకోండి. అనుమానంతో నెలల తరబడి నలిగిపోవడం కన్నా అది మేలు.

పరీక్ష ఎలా చేస్తారు? అందరికీ అవసరమా?

చూడగానే తెలిసే పూతకు చాలాసార్లు పరీక్ష అక్కర్లేదు. మందుకు తగ్గనప్పుడు, మళ్లీ మళ్లీ వచ్చినప్పుడు, చూస్తే ఏమిటో అర్థం కానప్పుడు పంపిస్తారు. దూది పుల్లతో నాలుక మీద నుంచి తీస్తారు, లేదా 10 మిల్లీలీటర్ల శుభ్రమైన ద్రవాన్ని నిమిషం పాటు పుక్కిలించి సీసాలో ఉమ్మమంటారు. రెండో పద్ధతి పిల్లలకు ఆటలా ఉంటుంది, మాకు లెక్క కూడా బాగా తెలుస్తుంది.

దాన్ని సబరో అనే ఆహారపు పలక మీద పరిస్తే ఒకటి రెండు రోజుల్లో మీగడ రంగు చుక్కలు లేస్తాయి. మూత తీస్తే బేకరీ వాసన. రంగులు మారే పలక వాడితే జాతి కూడా తెలుస్తుంది: ఆల్బికాన్స్ ఆకుపచ్చ, ట్రాపికాలిస్ నీలం, క్రుసై గులాబీ. జాతి తెలుసుకోవడం కాలక్షేపం కాదు. ఈస్ట్‌కు ఇచ్చే ఫ్లుకోనజోల్ బిళ్ల క్రుసై జాతి మీద పుట్టుకతోనే పని చేయదు, గ్లాబ్రాటా జాతి మీద అరకొరగా పని చేస్తుంది. రెండు కోర్సులు వాడినా తగ్గని పూతకు మూడోసారి అదే బిళ్ల రాస్తుంటే, జాతి చూశారా అని మర్యాదగా అడగండి.

రిపోర్టులో ఈస్ట్ సంఖ్య ఇస్తే దాన్ని చూసి బెంబేలెత్తవద్దు. ఇన్ని ఉంటే కాపురం, అంతకు మించితే జబ్బు అని గీత గీసే ఒకే అంకె లేదు.

వైద్యం ఏమిటి?

తేలికపాటి పూతకు నోట్లోనే పని చేసే మందులు చాలు. నిస్టాటిన్ ద్రవాన్ని సాధారణంగా రోజుకు నాలుగుసార్లు వాడతారు. నోట్లో వీలైనంతసేపు తిప్పాలి, ఆ తర్వాత అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు. క్లోట్రిమజోల్ మౌత్ పెయింట్ అయితే వేలితోనో దూదితోనో పూస్తారు. మామూలుగా ఏడు నుంచి పద్నాలుగు రోజులు. మూడో రోజుకే తెలుపు పోతుంది, సీసా అలమారాలోకి వెళ్తుంది, పదో రోజున పూత మళ్లీ వస్తుంది. ఈ వరుస ఎన్ని ఇళ్లలో చూశానో. తెలుపు పోయాక కూడా కనీసం రెండు రోజులు, లేదా డాక్టరు చెప్పినన్ని రోజులు వాడండి.

చిన్న చిక్కొకటి: క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్, నిస్టాటిన్ ఒకదాని వెంట ఒకటి వాడితే రెండూ కలిసి పనికిరాకుండా పోతాయి. మధ్యలో కనీసం అరగంట ఎడం ఉండాలి.

పూత ఎక్కువగా ఉంటే, గొంతులోకి దిగితే ఫ్లుకోనజోల్ బిళ్లలు ఇస్తారు. తలసేమియాలో ఇక్కడ కొంచెం జాగ్రత్త అవసరం. కాలేయంలో ఇప్పటికే ఇనుము ఉంది, డెఫెరాసిరాక్స్ కూడా కాలేయం మీద భారం వేస్తుంది, దీనికి ఈ బిళ్ల తోడు. గుండెలో ఇనుము చేరినవారిలో గుండె లయ విషయం కూడా చూడాలి. వీధి చివర క్లినిక్‌లో చూపించుకున్నా సరే, వాడుతున్న మందుల చీటీ మొత్తం ముందు పెట్టండి. గర్భిణులు, గర్భం ఉందేమోనని అనుమానం ఉన్నవారు ఆ మాట ముందే చెప్పాలి.

మందుల షాపులో నోటి పూతకు ఇచ్చే జెల్ రాయవచ్చా?

అడగకుండా రాయవద్దు. ఆ జెల్‌లలో చాలావాటిలో ఉండేది కోలీన్ సాలిసిలేట్. ఆస్పిరిన్ వంశం. నొప్పి తగ్గిస్తుంది, ఈస్ట్‌ను ఏమీ చేయదు. పిల్లలకు, రక్తస్రావ జబ్బులున్నవారికి మంచిది కాదు. ఇంకో రకం పేస్టులో ట్రయామ్సినలోన్ అనే స్టీరాయిడ్ ఉంటుంది. అది మామూలు పుండుకు మందు, ఈస్ట్‌కు ఎరువు.

నాలుక పాలిపోయింది, పెదవి మూలలు చిట్లాయి. ఐరన్ టానిక్ పట్టించమన్నారు.

తలసేమియా మేజర్ ఉన్న పిల్లలకు పట్టించవద్దు. ఈ సలహా ఇచ్చేవారికి దురుద్దేశం ఉండదు. మన ఊళ్లలో రక్తం తక్కువ అంటే ఐరన్ అనే అర్థం స్థిరపడిపోయింది. మామూలు రక్తహీనతలో ఆ మాట నిజం, మూలలు చిట్లడం కూడా ఇనుము లోపం వల్ల రావచ్చు. కానీ ఇక్కడ సమస్య తిరగబడి ఉంది. ఒంట్లో ఇనుము నిండి పొర్లుతోంది, దాన్ని తోడేయడానికి నెలనెలా వేలు ఖర్చు పెడుతున్నారు. అదే ఇనుమును చెంచాతో మళ్లీ పోయడం ఏమిటి? బీ కాంప్లెక్స్ సీసా మీద కూడా వెనక వైపు చదవండి, కొన్నింటిలో ఇనుము కలిసి ఉంటుంది.

మూలలు చిట్లడానికి ఈస్ట్, కొన్ని విటమిన్ల లోపం, పెదవులు నాకే అలవాటు, మూడూ కారణం కావచ్చు. ఫోలిక్ యాసిడ్ డాక్టరు రాసి ఉంటే కొనసాగించండి. సికిల్ సెల్ ఉన్నవారికి కూడా పరీక్షలో లోపం తేలితే తప్ప ఇనుము ఇవ్వరు.

ఇడ్లీ, దోసె, బ్రెడ్డు మానేయాలా? వాటిలో ఈస్ట్ ఉంటుంది కదా?

మానక్కర్లేదు. ఇడ్లీ పిండిని పొంగించేది ముఖ్యంగా ల్యూకోనోస్టాక్ వంటి బ్యాక్టీరియా. బ్రెడ్డులోని ఈస్ట్, కల్లును పులియబెట్టే ఈస్ట్ శాకరోమైసిస్ అనే వేరే జాతి. పేరు ఒకటే, ఇల్లు వేరు. పైగా ఆవిరి మీద ఉడికిన ఇడ్లీలో ఏ ఈస్ట్ బతికి ఉంటుంది? నోరు మండుతున్న పిల్లవాడికి పెరుగన్నం, చల్లారిన ఇడ్లీ కన్నా హాయైన తిండి లేదు.

తగ్గించాల్సింది తీపి. అందులోనూ రోజంతా చప్పరించే చాక్లెట్లు, బిస్కెట్లు, రాత్రి పడుకునే ముందు పట్టే తియ్యటి సిరప్పులు. సూది గుచ్చిన ప్రతిసారీ ఓదార్పుగా ఒక చాక్లెట్ ఇవ్వడం మన డేకేర్ వార్డుల్లో ఆచారమైపోయింది. ఇవ్వవద్దని అనడానికి నాకు నోరు రాదు. ఇచ్చాక నోరు కడిగించండి.

పసుపు, వేప, తేనె, ఆయిల్ పుల్లింగ్ పని చేస్తాయా?

గోరువెచ్చటి ఉప్పునీళ్లు పుక్కిలించడం మంచిదే, హాయిగా ఉంటుంది, దానితో పూత పోతుందని మాత్రం అనుకోవద్దు. వేప పుల్లతో పళ్లు తోముకునేవారు మెత్తగా నమిలి తోముకోండి, గరుకు పుల్ల చిగుళ్లను గీరుతుంది. ఆయిల్ పుల్లింగ్ పెద్దవాళ్లు చేసుకుంటే నష్టం లేదు. చిన్నపిల్లల చేత చేయిస్తే పొరబారి నూనె ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. తేనె ఏడాది నిండని పిల్లలకు నాకించకూడదు.

ఒకదానికి మాత్రం కచ్చితంగా నో. పసిపిల్లల నోటి పూతకు బోరాక్స్ కలిపిన గ్లిజరిన్ పూయడం పాత తరంలో మామూలే. బోరాక్స్ విషం. ఇంట్లో అమ్మమ్మ చెప్పినా, ఎంత గౌరవంగా అయినా, వద్దనే చెప్పండి.

రోజూ నోటి శుభ్రత ఎలా ఉండాలి?

రెండు పూటలా మెత్తటి బ్రష్, ఫ్లోరైడ్ పేస్ట్. రెండింటిలో ఒకటే వీలైతే రాత్రిది వదలవద్దు. నాలుకను బద్దతో గట్టిగా గీకే అలవాటు మానండి, బ్రష్‌తోనే మెల్లగా రెండుసార్లు తోమితే చాలు. పూత తగ్గాక కొత్త బ్రష్ తీసుకోండి. చిగుళ్ల నుంచి రక్తం వస్తుందని హీమోఫిలియా ఇళ్లలో బ్రష్ చేయడమే మానిపిస్తారు. దాంతో పాచి పేరుకుని చిగుళ్లు వాచి, రక్తం ఇంకా ఎక్కువ కారుతుంది.

రక్తం ఎక్కించే రోజున ఒక పని చేయండి. సంచి తగిలించాక, ఫోను దీపం వేసి పిల్లవాడి నోట్లోకి చూడండి: నాలుక, చెంపల లోపల, అంగిలి, పెదవుల మూలలు. అర నిమిషం పని. ఏదైనా కనిపిస్తే ఫొటో తీసి పెట్టుకోండి. డాక్టరు వచ్చేసరికి పూత పోయినా ఫొటో ఉంటుంది.

మా కార్డులో ‘వాహకులు’ అని రాశారు. మాకూ ఈ ముప్పు ఉందా?

లేదు. 2023 జులైలో జాతీయ సికిల్ సెల్ మిషన్ మొదలయ్యాక గిరిజన ప్రాంతాల్లో పరీక్షలు పెరిగి, చాలామంది చేతికి ఈ కార్డులు వచ్చాయి. సికిల్ వాహకులకు, తలసేమియా మైనర్ ఉన్నవారికి, అంటే జబ్బు లేకుండా దాని జన్యువును మాత్రం మోసేవారికి, నోటి ఈస్ట్ విషయంలో మిగతావారికన్నా ప్రత్యేకమైన ప్రమాదం లేదు. ఆ కార్డు పనికొచ్చేది పెళ్లి సంబంధం చూసేటప్పుడు.

జీ6పీడీ (ఎర్రకణాలను కాపాడే ఒక ఎంజైమ్) లోపం ఉన్నవారూ ఇదే అడుగుతారు. సాధారణంగా కనిపించే లోపంలో ఈస్ట్ బెడద పెరగదు. మందు రాయించుకునేటప్పుడు మాత్రం లోపం సంగతి చెప్పి రాయించుకోండి.

ఇది అంటుకుంటుందా? కంచం, గ్లాసు వేరుగా పెట్టాలా?

వేరుగా పెట్టవద్దు. క్యాండిడా ఇంట్లో చాలామంది నోళ్లలో ముందే ఉంటుంది. పిల్లవాడికి వేరే గ్లాసు కేటాయిస్తే ఈస్ట్ ఆగదు, వాడి మనసు మాత్రం నొచ్చుకుంటుంది. పాలు తాగే పసిబిడ్డ సంగతి వేరు. బిడ్డ నోట్లో, తల్లి చనుమొనల మీద పూత అటూ ఇటూ తిరుగుతుంది కాబట్టి ఇద్దరికీ ఒకేసారి మందు వాడాలి.

ఎముక మజ్జ మార్పిడికి వెళ్తున్నాం. నోట్లో ఈస్ట్ ఉంటే ఆపేస్తారా?

ఆపరు, ముందే సిద్ధమవుతారు. వెల్లూరులోని సీఎంసీ ఆసుపత్రిలో 1986లో తలసేమియా రోగికి మజ్జ మార్పిడి చేశారు. అప్పటి నుంచి తెలుగు కుటుంబాలు ఎన్నో ఆ దారి పట్టాయి. మార్పిడి సమయంలో కొన్ని వారాలు తెల్లకణాలు దాదాపు సున్నాకు పడిపోతాయి, కీమో మందులతో నోటి పైపొర ఒలిచినట్టవుతుంది. అప్పుడు నోట్లో కాపురమున్న ఈస్ట్‌కు రక్తంలోకి దారి దొరుకుతుంది. అందుకే ముందుగా పళ్ల డాక్టరుకు చూపించి, పుచ్చిన పళ్లకు వైద్యం చేయించి, శిలీంధ్రాలకు ముందస్తు మందు ఇస్తారు. ఈ పేజీలో ఇంతవరకు కాపురాన్ని పట్టించుకోవద్దనే చెప్పాను. ఇక్కడ మాత్రం పట్టించుకోవాలి.

మార్పిడి తర్వాత రోగనిరోధక శక్తిని అణచడానికి వాడే సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ మందులు రక్తంలో ఉండే స్థాయిని ఫ్లుకోనజోల్ పెంచేస్తుంది. ఊరికి తిరిగి వచ్చాక నోటి పూతకు స్థానికంగా ఎవరైనా ఈ బిళ్ల రాస్తే, మింగే ముందు మార్పిడి చేసిన ఆసుపత్రికి ఫోను చేయండి. ఫాంకోని ఎనీమియా (పుట్టుకతో వచ్చే, ఎముక మజ్జ దెబ్బతినే జబ్బు) ఉన్నవారికి అదనంగా ఒక జాగ్రత్త: వారిలో నోటి క్యాన్సర్ ముప్పు ఎక్కువ, చిన్న వయసులోనే వస్తుంది. రెండు వారాలు దాటినా పోని మచ్చను ఈస్ట్ అనుకుని ఇంట్లో కూర్చోకూడదు.

ఎప్పుడు ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి?

నోటి పూతతో పాటు జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారన్‌హీట్) దాటితే. మింగుతుంటే రొమ్ము ఎముక వెనక నొప్పి వస్తే, అంటే పూత అన్నవాహికలోకి దిగిందేమో చూడాలి. డెఫెరిప్రోన్, హైడ్రాక్సీయూరియా వాడుతూ నోట్లో కొత్తగా పుండ్లు పడితే. సికిల్ సెల్ ఉన్న పిల్లవాడు సగం రోజు నీళ్లు ముట్టకపోతే, మూత్రం ముదురు రంగులోకి తిరిగితే. వెళ్లేటప్పుడు మందుల చీటీ, చివరి రక్త పరీక్ష, ఫోనులోని ఆ ఫొటో వెంట ఉంచుకోండి. రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరుకు మీ పిల్లవాడు కొత్త, ఆ మూడూ చూస్తే ఐదు నిమిషాల్లో అర్థమవుతుంది.